తరతరాల కుటుంబ కాగితాలను కాపాడుకోవడం ఎలా?

పేరున్న కుటుంబాల కాగితాలు ఎక్కువగా రెండు సందర్భాల్లో పోతాయి: ఆస్తి పంచుకున్నప్పుడు, పాత ఇల్లు ఖాళీ చేసినప్పుడు. చెదలూ వానా చేసే నష్టం కూడా పెద్దదే గాని, అది చాలావరకు నెమ్మదిగా జరుగుతుంది, జాగ్రత్త పడడానికి వ్యవధి ఇస్తుంది. పంపకాల నాడు పొలం దస్తావేజులు, పట్టాలు, వీలునామాలు విలువైనవి గనుక ఎవరో ఒకరు అందుకుంటారు. తాతగారి డైరీలు, ఆయనకు వచ్చిన ఉత్తరాలు, దివాణం పద్దు పుస్తకాలు, సభల్లో చదివిన ఉపన్యాసాల చిత్తు ప్రతులు ఎవరి వాటాలోనూ పడవు కాబట్టి ట్రంకు పెట్టెల్లో మిగిలిపోయి, ఇల్లు పడగొట్టే ముందు పాత కాగితాలు కొనేవారి తూకానికి వెళ్ళిపోతాయి. జమీందారుల, దేశముఖుల కుటుంబాలు, స్వాతంత్ర్యోద్యమంలో పనిచేసినవారి ఇళ్ళు, కవులో వకీళ్ళో వైద్యులో వర్తకులో తరతరాలుగా ఉన్న ఇళ్ళు, ఇలాంటి ఏ ఇంటి కాగితాలైనా ఇప్పుడు మీ చేతికి వచ్చి ఉంటే, ఏ పని ముందు చేయాలో, ఏ పని అసలు చేయకూడదో కింద వివరిస్తున్నాను.

మొదటి పని: పంచుకోకుండా ఒకచోట ఉంచండి

ఈ విషయంలో అమెరికాలోని ఆడమ్స్ కుటుంబం చేసిన పని తెలుసుకోదగినది. జాన్ ఆడమ్స్ ఆ దేశానికి రెండో అధ్యక్షుడు, ఆయన కుమారుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ ఆరో అధ్యక్షుడు. తన ఉత్తరాల నకళ్ళు రాసుకోవడానికి ఒక పెద్ద పుస్తకం కొన్నాననీ, పంపిన ఉత్తరాలను భద్రపరచమనీ తండ్రి 1776లోనే భార్య అబిగైల్‌కు రాశాడు. తన ఉత్తరాలను తగలబెట్టమని ఆమె కోరితే మాత్రం ఒప్పుకోలేదు. అందువల్లనే ఆ దంపతుల ఉత్తరాలు వెయ్యికి పైగా ఈనాటికీ చదవడానికి దొరుకుతున్నాయి. కుమారుడు పన్నెండేళ్ళ వయసులో, 1779లో మొదలుపెట్టిన డైరీ 1848లో ఆయన మరణించే దాకా సాగి 51 సంపుటాలైంది. పుస్తకాలకూ కాగితాలకూ నిప్పంటుకోని కట్టడం ఒకటి ఉండాలని ఆయన వీలునామాలో కోరగా, ఆయన కుమారుడు చార్ల్స్ ఫ్రాన్సిస్ ఆడమ్స్ 1870లో క్విన్సీలోని తమ ఇంటి పక్కనే రాతి గ్రంథాలయం కట్టించాడు. ఆ తరువాతి తరానికి వారసులు పెరిగారు, కాగితాలు చెదిరిపోయే ప్రమాదం వచ్చింది. అప్పుడు వారు 1905లో 50 ఏళ్ళ గడువుతో ఒక ట్రస్టు ఏర్పరచి కాగితాలన్నిటినీ కలిపి దానికి అప్పగించారు. గడువు తీరాక 1956లో ట్రస్టు వాటిని మసాచుసెట్స్ చారిత్రక సంఘానికి రాసి ఇచ్చింది. 1954 నుంచి 1959 వరకు వాటిని మైక్రోఫిల్ము తీస్తే 608 చుట్టలైనాయి. రాతి గది కంటే ఆ ట్రస్టు పత్రమే ఆ కాగితాలను ఎక్కువగా కాపాడిందని నా నమ్మకం.

మీకు ట్రస్టు అవసరం లేకపోవచ్చు, కాని ఒక ఒప్పంద పత్రం తప్పనిసరిగా అవసరం. అందులో ఈ మాటలు ఉండాలి: కాగితాలు కుటుంబంలోని అన్ని శాఖలకూ ఉమ్మడి, అసలు ప్రతులు ఫలానా వారి ఇంట్లో ఉంటాయి, ప్రతి శాఖకూ నకళ్ళు అందుతాయి, అందరి సమ్మతీ లేకుండా ఏ కాగితాన్నీ అమ్మకూడదు, ఇవ్వకూడదు, కాల్చకూడదు, ఇప్పటి బాధ్యుల తరువాత ఫలానా వారు బాధ్యత తీసుకుంటారు. ఇంటి కుమార్తెల సంతకాలు కూడా దానిమీద ఉండాలి, ఎందుకంటే అత్తవారింటికి వెళ్ళినవారి దగ్గర కూడా ఉత్తరాలు, ఫోటోలు ఉంటాయి, అవి కూడా ఈ సేకరణలో భాగమే. బాధ్యత పెద్దకొడుక్కే ఇవ్వాలన్న నియమం పెట్టుకోకండి. ఆసక్తి, ఓపిక, స్థిరమైన ఇల్లు ఎవరికి ఉంటే వారే తగినవారు. వారికి తోడుగా తరువాతి తరం నుంచి ఒకరిని ఇప్పటినుంచే పక్కన కూర్చోబెట్టుకోండి.

సర్దకముందే ఫోటో తీయండి

పెట్టె తెరవగానే ఉత్తరాలన్నీ ఒకవైపు, బిల్లులన్నీ మరోవైపు వేరుచేయాలని అనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ఒక కట్టలో కోర్టు సమను, దాని పక్కన ఒక బావమరిది ఉత్తరం, దాని కింద అప్పు తీర్చిన రశీదు ఉన్నాయంటే, ఆ మూడింటినీ ఎవరో ఆలోచించే ఒకచోట కట్టి ఉంటారు. ఆ వరుస చెడిపోతే తేదీ లేని ఉత్తరం ఏ సంవత్సరానిదో చెప్పే ఆధారం పోతుంది. అందుచేత పెట్టె ఏ గదిలో ఏ మూల ఉందో, లోపల కట్టలు ఏ వరుసలో ఉన్నాయో, కట్టమీద ఏమి రాసి ఉందో ఫోన్‌తోనైనా ఫోటోలు తీసి, పెట్టెకు ఒక సంఖ్య, కట్టకు ఒక సంఖ్య ఇవ్వండి. ‘పెట్టె 3, కట్ట 12’ అన్నంత సరళంగా ఉంటే చాలు. విషయాల వారీగా వెతకడానికి జాబితా ఉంటుంది. కాగితాలు మాత్రం దొరికిన వరుసలోనే ఉండాలి.

పాత కట్టలు విప్పేటప్పుడు ముక్కుకు మాస్కు పెట్టుకోండి. బూజు సంగతి అలా ఉంచి, ఒకప్పుడు చాలా ఇళ్ళలో పురుగు పట్టకుండా డీడీటీ, గమాక్సిన్ పొడులు చల్లేవారు, అవి ఇంకా కట్టల మధ్య ఉండే వీలుంది. చేతులు శుభ్రంగా కడుక్కుని పూర్తిగా ఆరనిస్తే కాగితాలకు చేతితొడుగులు అక్కరలేదు, పైగా తొడుగులతో పెళుసు కాగితం అంచు తెలియక చిరుగుతుంది. ఫోటోలకూ నెగెటివులకూ మాత్రం తొడుగులు వాడాలి.

ఏవి ఉంచాలి?

ప్రముఖుల కుటుంబాల్లో జరిగే పెద్ద పొరపాటు, ప్రముఖుడి కాగితాలు మాత్రమే ఉంచడం. గవర్నరు సంతకం ఉన్న ఉత్తరాన్ని చట్రం కట్టించి గోడకు తగిలిస్తారు, ఆ ఉత్తరం వచ్చిన నెలలో ఇంటి ఇల్లాలు రాసుకున్న వెచ్చాల పద్దును పారేస్తారు. చరిత్ర రాసేవారికి రెండోదే అరుదు. గవర్నరు ఉత్తరం నకలు ప్రభుత్వ దస్త్రాల్లో ఉండే అవకాశం ఉంది, ఆ వెచ్చాల పద్దు ప్రపంచంలో మరెక్కడా లేదు. పుదుచ్చేరిలో ఫ్రెంచివారి దగ్గర దుబాసీగా, అంటే రెండు భాషల మధ్య మాటలు అందించేవాడిగా పనిచేసిన ఆనందరంగ పిళ్ళై 1736 నుంచి 1761 వరకు రాసిన డైరీని చూడండి: ఓడల రాకపోకలు, సరుకుల బేరాలు, ఇంట్లో శుభాశుభాలు, దర్బారులో విన్న మాటలు అన్నీ కలగలిపి రాసినందువల్లనే అది ఆ కాలానికి సాటిలేని సాక్ష్యమైంది. అది కూడా దశాబ్దాలపాటు కుటుంబంలోనే ఉండిపోయి, 1846లో ఒక ఫ్రెంచి అధికారి దృష్టికి వచ్చాకనే బయటి లోకానికి తెలిసింది.

కాబట్టి స్త్రీల కాగితాలను ముందు వెతకండి. పుట్టింటి నుంచి వచ్చిన పోస్టు కార్డులు, ఇన్లాండ్ లెటర్లు, పెళ్ళిళ్ళలో చదివింపుల పట్టికలు, పురుళ్ళ తేదీలు రాసిన పంచాంగం అంచులు, పాటలు రాసుకున్న నోటు పుస్తకాలు, ఊరగాయల కొలతలు, సంఘాల చందా రశీదులు, ఇవన్నీ బీరువా అడుగునో వంటింటి అలమరలోనో దొరుకుతాయి. ఇంటి గుమస్తా రాసిన రోకడ, చిట్టా, ఆవర్జా పుస్తకాల్లో పాలేర్ల పేర్లు, వారికి కొలిచిన గింజలు, ఇచ్చిన అప్పులు ఉంటాయి. తమ పేరున ఒక కాగితం కూడా మిగలని కుటుంబాల చరిత్ర చాలాసార్లు ఆ పద్దుల్లోనే ఉంటుంది. దాన్ని కాపాడడం పెద్ద ఇళ్ళవారి బాధ్యత అని నేను గట్టిగా అంటాను.

అచ్చయిన శుభలేఖలు ఒకే రకానివి వంద ఉంటే రెండు మూడు ఉంచి తక్కినవి తీసేయవచ్చు. పాత దినపత్రికలు మొత్తంగా ఉంచనక్కరలేదు. కుటుంబానికి సంబంధించిన వార్తను నకలు తీయించి, అసలు ముక్కను వేరే కవరులో పెట్టండి, ఎందుకంటే పత్రికల కాగితంలోని ఆమ్లం పక్కనున్న ఉత్తరాలకు పాకి వాటిని పసుపుపచ్చగా, పెళుసుగా చేస్తుంది. సందేహం వచ్చిన ప్రతి కాగితాన్నీ ఉంచడమే మంచిది.

జాబితా రాయండి, పెద్దలు ఉండగానే రాయండి

అన్ని పనుల్లోనూ త్వరపడవలసింది ఇదే. ఫోటోలో ఎడమవైపు నిలబడినవారు ఎవరో చెప్పగలిగే పిన్నమ్మో బాబయ్యో లేకపోతే ఆ ఫోటో సగం విలువ కోల్పోతుంది. వారి ఎదుట ఒక్కో ఫోటో పెట్టి, వారు చెప్పేదాన్ని ఫోన్‌లో రికార్డు చేయండి. తరువాత ఫోటో వెనక అంచున మెత్తని పెన్సిలుతో, ఒత్తకుండా, పేర్లు రాయండి. పెన్ను వాడితే సిరా ముందువైపుకు ఊరుతుంది.

జాబితాలో ప్రతి కట్టకూ సంఖ్య, ఎవరు ఎవరికి రాశారు, ఏ కాలానిది, ఏ భాష, ఏ లిపి, ఎన్ని కాగితాలు, ఎలాంటి స్థితిలో ఉంది అన్నవి ఉంటే సరిపోతుంది. ఒక్కొక్క ఉత్తరానికీ వివరం రాయాలని కూర్చుంటే పని మధ్యలో ఆగిపోతుంది. ముందు కట్టల స్థాయిలో ముగించి, ముఖ్యమైన వాటిని తరువాత విడమరచండి.

తేదీల దగ్గర కొంత జాగ్రత్త కావాలి. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కల సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన క్రీస్తు శకం సంవత్సరం వస్తుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఫసలీ జూలై 1న మొదలయ్యేది కనుక అక్కడి 1330 ఫసలీ అంటే 1920 జూలై నుంచి 1921 జూన్ వరకు. నిజాం రాజ్యంలో ఫసలీ అక్టోబరులో మొదలయ్యేది, కాబట్టి ఒకే సంఖ్య ఉన్న రెండు ప్రాంతాల కాగితాల మధ్య కొన్ని నెలల తేడా ఉంటుంది. ఉత్తరాల్లో కేవలం ‘ఖర నామ సంవత్సర ఆషాఢ శుద్ధ దశమి’ అని ఉంటే, అరవై ఏళ్ళకోసారి తిరిగి వచ్చే ఆ పేరు 1891, 1951, 2011 సంవత్సరాల్లో దేనికైనా సరిపోతుంది. తపాలా ముద్ర, స్టాంపు మీది బొమ్మ, ఉత్తరంలోని చావు పుట్టుకల ప్రస్తావన చూసి నిర్ణయించండి. మీరు ఊహించి వేసిన తేదీని చదరపు కుండలీకరణాల్లో పెట్టండి, కాగితం మీద అసలు ఉన్న తేదీతో అది కలిసిపోకూడదు.

తెలంగాణ కుటుంబాల పాత కాగితాలు పారశీకంలో, ఉర్దూలో, తరచు గొలుసుకట్టు షికస్తా రాతలో ఉంటాయి. మరాఠా దొరతనంతో సంబంధమున్న కుటుంబాల్లో, ఒకప్పుడు మరాఠీ రాయడానికి వాడిన మోడీ లిపి కనిపిస్తుంది. మీకు చదవడం రాదని వాటిని అడుగున పడేయకండి. ‘చదవవలసినవి’ అని రాసి ఫోటోలు తీసి ఉంచితే, చదవగలవారికి చూపించవచ్చు.

శుభ్రపరచడం, కట్టడం

గుండుసూదులు, క్లిప్పులు, స్టేపుల్ పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తింటాయి. వాటిని మెల్లగా వంచి తీయండి, లాగకండి. రబ్బరు బ్యాండ్లు తీసేసి, తెల్లని నూలు నాడాతో వదులుగా కట్టండి. ధూళిని మెత్తని పొడి కుంచెతో మధ్యనుంచి అంచుకు తుడవండి. తడిగుడ్డ ఎప్పుడూ వాడకండి: పాత ఉత్తరాల్లో చాలావాటికి వాడిన ఇనుము కలిసిన నల్లసిరా తడి తగిలితే పాకుతుంది, కాగితాన్ని కూడా కొరుకుతుంది. చిరిగినచోట సెల్లోటేపు అంటించకండి, లామినేషను అసలే చేయించకండి. లామినేషను వేడి, జిగురు కలిసి కాగితంలోకి దిగిపోతాయి, తరువాత దాన్ని క్షేమంగా విడదీయడం నిపుణులకైనా చాలా కష్టం. పెద్ద పటాలను, సనదులను (ప్రభువులు ఇచ్చిన అధికార పత్రాలను) మడిచి ఉంచితే మడతల దగ్గరే తెగుతాయి; బలవంతంగా చదును చేయకుండా, లావుపాటి గొట్టానికి ఆమ్లంలేని కాగితం చుట్టి దానిమీద చుట్టండి.

ఉత్తరాలను ఆమ్లంలేని కాగితపు ఫోల్డర్లలో, గట్టి అట్టపెట్టెల్లో పెట్టండి. అవి దొరికేలోగా, బాగా ఉతికి గంజి పోయిన రంగులేని నూలు గుడ్డలో చుట్టి ఉంచవచ్చు. కొత్త గుడ్డకుండే గంజికి పురుగులు వస్తాయి. పెద్దలు ఎర్రగుడ్డలో కట్టేవారు గాని, తడిస్తే ఆ రంగు కాగితానికి అంటుకుంటుంది. వేపాకు, వస కొమ్ము మంచివే, చిన్న సంచిలో వేసి పెట్టె మూలన ఉంచండి, కాగితాలకు తగలనివ్వకండి. నాఫ్తలీన్ ఉండలు వద్దు. వాటి ఆవిరి మనుషులకు చేటు.

తాళపత్రాలు, రాగి శాసనాలు మీ చేతి పని కాదు. రాగి రేకును చింతపండుతో తోమితే అక్షరాల అంచులు అరిగిపోతాయి. తాటాకు మీద నిమ్మగడ్డి నూనె రాయడం, అక్షరాలకు మసి పట్టించడం తెలిసినవారు చేయవలసిన పనులు. మీరు చేయవలసిందల్లా కమ్మల వరుస మారకుండా, రెండు చెక్కల మధ్య, బిగించకుండా కట్టి ఉంచడం.

ఎక్కడ పెట్టాలి?

అటక మీద వద్దు, నేలమీద వద్దు. అటక వేసవిలో కాగుతుంది, నేల వానాకాలంలో చెమ్మగిల్లుతుంది. ఇంటి మధ్యగదిలో, బయటి గోడకు తగలకుండా, స్టీలు బీరువాలో, నేలకు జానెడు ఎత్తున ఉండాలి; వంటిల్లు, స్నానాల గది, దీపం పొగ వచ్చే దేవుడి గది పక్కన ఉండకూడదు. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండడం మంచిది, 65 దాటితే బూజు పడుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి కోస్తా ఊళ్ళలో ఆ అంకె నిలబెట్టడం కష్టమే. చిన్న తేమ మీటరు కొని బీరువాలో పెట్టి, తేమ ఎప్పుడు పెరుగుతోందో గమనించి, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు మార్చండి. కాగితాలను ప్లాస్టిక్ సంచిలో కట్టి మూసేయకండి, లోపలి తేమ అక్కడే మగ్గుతుంది. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి ప్రతి పెట్టెనూ తెరచి చూడండి.

1908లో హైదరాబాదును ముంచిన మూసీ వరద, 1977 దివిసీమ ఉప్పెన, 2014లో విశాఖ మీద విరుచుకుపడ్డ హుద్‌హుద్ తుఫాను తెలిసిన మనకు నీటి గురించి వేరే చెప్పనక్కరలేదు. తడిసిన కాగితాలకు రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది. ఎండలో వేయకుండా, నీడలో ఫ్యాను గాలికి, అచ్చులేని తెల్లకాగితం మధ్యమధ్య పెట్టి ఆరబెట్టండి. అన్నీ ఒకేసారి ఆరబెట్టలేకపోతే, మిగిలిన కట్టలను సంచుల్లో పెట్టి ఫ్రీజరులో గడ్డకట్టించి, తరువాత కొన్ని కొన్నిగా తీయవచ్చు.

నకళ్ళు తీయడం

కాగితాలను 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), ఫోటోలను 600 డీపీఐ వద్ద రంగుల్లో స్కాన్ చేసి, మూల ప్రతులను నాణ్యత తగ్గించని టిఫ్ రూపంలో, చదువుకోవడానికి పీడీఎఫ్ రూపంలో ఉంచండి. ఫైలు పేరులో జాబితా సంఖ్యే ఉండాలి. బైండు చేసిన పుస్తకాలను స్కానరు మీద బోర్లించి నొక్కకండి, పైనుంచి కెమెరాతో తీయండి. మూడు ప్రతులు, రెండు వేరువేరు సాధనాల మీద, అందులో ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి. డాలస్‌లోనో సిడ్నీలోనో ఉన్న మీ తమ్ముడో చెల్లెలో ఈ పనికి ఎంతో ఉపయోగపడతారు. హార్డ్ డిస్కును అయిదారేళ్ళకోసారి మార్చాలి. స్కాన్ అయిపోయింది గదా అని అసలు కాగితాలను పారేయకూడదు. నీటిగుర్తు, సిరా రంగు, మడత, చెరిపి రాసిన గుర్తులు అసలు ప్రతిలోనే బాగా తెలుస్తాయి.

రహస్యాలు, హక్కులు

రోగాలు, అప్పులు, విరిగిన పెళ్ళిళ్ళు, అన్నదమ్ముల తగాదాలు ఏ ఇంటి ఉత్తరాల్లోనైనా ఉంటాయి. వాటిని కాల్చకండి. కవరులో మూసి, ‘ఫలానా సంవత్సరం వరకు తెరవకూడదు’ అని రాసి జాబితాలో చేర్చండి. అందులో ప్రస్తావనకు వచ్చినవారు జీవించి ఉన్నంతకాలం మూసి ఉంచడం న్యాయం. ఒక సంగతి చాలామందికి తెలియదు: మీ తాతగారికి వచ్చిన ఉత్తరపు కాగితం మీ సొంతమే గాని, అందులోని మాటలను అచ్చువేసే హక్కు రాసినవారిది, వారి తరువాత వారి వారసులది. భారతదేశంలో ఆ హక్కు సాధారణంగా రచయిత మరణించాక 60 ఏళ్ళు ఉంటుంది. రచయిత జీవించి ఉండగా అచ్చుకాని రచన తరువాత వెలువడితే, వెలువడిన నాటినుంచి 60 ఏళ్ళు లెక్కిస్తారు. అందుచేత ఉత్తరాల సంపుటం వేయాలనుకుంటే ముందుగా అనుమతులు తీసుకోండి.

అమ్మకం మాట వస్తే 1972 నాటి పురావస్తువుల, కళాసంపదల చట్టాన్ని గుర్తుంచుకోవాలి. 75 ఏళ్ళు దాటి, చారిత్రక, సాహిత్య, శాస్త్ర లేదా కళా విలువ ఉన్న రాతప్రతి ఆ చట్టం కిందికి వస్తుంది, దాన్ని వ్యక్తులు దేశం దాటించకూడదు. విదేశంలో ఉన్న కుటుంబ సభ్యులకు ఇచ్చేటప్పుడు స్కాన్లు ఇవ్వండి.

సంస్థకు ఇవ్వదలిస్తే

కొన్ని తరాల తరువాత ఇంట్లో ఉంచడం కష్టమవుతుంది, అందులో తప్పు లేదు. న్యూఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) వ్యక్తుల, కుటుంబాల కాగితాలు తీసుకుంటుంది; జాతీయోద్యమంలో పనిచేసినవారి పత్రాలు తీన్‌మూర్తి ప్రాంగణంలోని ప్రధానమంత్రుల మ్యూజియం, గ్రంథాలయంలో పెద్ద ఎత్తున ఉన్నాయి. తాళపత్ర గ్రంథాలైతే తిరుపతిలోని ప్రాచ్య పరిశోధనా సంస్థ, హైదరాబాదు, చెన్నైలలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయాలు ఉన్నాయి. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం వంటి పాత గ్రంథాలయాలను కూడా ఆలోచించండి. అసలు ప్రతులు ఉన్నచోటనే ఉంచి స్కాన్ చేయించడానికి బ్రిటిష్ లైబ్రరీ 2004 నుంచి ఆపదలో ఉన్న అభిలేఖాల పథకం (ఎన్‌డేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్) కింద ధనసహాయం చేస్తోంది.

ఎవరికి ఇచ్చినా నోటిమాటగా ఇవ్వకండి. ముందుగా వెళ్ళి అక్కడి గదులు చూడండి, ఇంతకుముందు వచ్చిన సేకరణకు జాబితా తయారైందో లేదో అడగండి. తరువాత రాతపూర్వకంగా నిర్ణయించుకోండి: ఇది దానమా, భద్రపరచడానికి మాత్రమే అప్పగించడమా, సేకరణను విడదీయకుండా ఒకే పేరుతో ఉంచుతారా, మూసిన కవర్లను ఎప్పుడు తెరుస్తారు, పరిశోధకులు నకళ్ళు తీసుకోవచ్చా, అచ్చువేసే హక్కు ఎవరిది, సంస్థ మూతపడితే కాగితాలు ఎవరికి చేరతాయి. పెట్టెల సంఖ్యతో, కట్టల జాబితాతో సహా రెండు ప్రతులు రాయించి, ప్రతి పుటమీదా ఇరుపక్షాల సంతకాలు తీసుకుని, పెట్టెలు దింపిన రోజునే అధికారి చేత జాబితా సరిచూపించి ముద్ర వేయించుకోండి. మీ ప్రతిని కుటుంబ ఒప్పంద పత్రంతో కలిపి ఉంచి, దాని నకలు ప్రతి శాఖకూ పంపండి.